వెనక గుండీల అక్క

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా షాపులో అందరూ వాడే తడి ప్యాడ్ కిటుకు కనిపెట్టింది నాకు పని నేర్పిన అక్క కాదు, నేను.

బెంగళూరు శివారు హెబ్బగోడిలో, మెట్రో లైను పక్కన సర్వీసు రోడ్డు మీద, కార్లకు పాలిష్ పట్టే షాపులో పనిచేస్తాను. పాలిష్ మెషిన్‌కు తగిలించే గుండ్రటి స్పాంజిని ప్యాడ్ అంటాం. దాని మీద కాంపౌండ్ అనే పాలిష్ పేస్టు పెట్టే ముందు కాసిని నీళ్లు తుంపరగా కొడితే, ఎంత తొందరగా ఎండిపోయే కాంపౌండైనా కాసేపు మన మాట వింటుంది. ఇది అక్క తెలివి అని మా ఓనర్ వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. అక్క కూడా అలాగే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది. మొదట్లో అన్నం తింటుంటే తట్టిందని చెప్పింది. తర్వాత అత్తిబెలె బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తట్టిందంది. చివరికి గంగమ్మ కలలోకి వచ్చి చెవిలో చెప్పిపోయిందని ఒక కస్టమర్‌తో అంటుంటే, నేను పక్కనే నిలబడి గంభీరంగా తల ఊపాను.

ఫిర్యాదుగా రాయడం లేదు. ఆ కథ నేను చెప్పి ఉంటే రెండు ముక్కల్లో ముగిసిపోయేది, ఎవరికీ గుర్తుండేది కాదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గానీ, రేపు ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితే మళ్లీ అక్క పేరే చెప్తాను.

ఈ రోజు పొద్దున షాపులో కరెంటు పోయి వచ్చింది. స్విచ్చి వేసి వదిలేసిన పెద్ద స్టాండు ఫ్యాను ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ కదలకముందే నా ఎడమ చెయ్యి లేచింది, లారీని ఆపుతున్నట్టు, వేళ్లన్నీ విప్పి. అచ్చం అక్క ఎత్తినట్టే. ఎవరో ఫ్యాను ఆపేశారు, పని సాగింది, కానీ అప్పటి నుంచి సాయంత్రం దాకా ఆమె నా వెనకే తిరిగినట్టు అనిపించింది.

ఆమెను చూసినవాళ్లకు మొదట గుర్తుండేది చొక్కా. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకునేది, అదీ వెనక్కి తిప్పి. గుండీలు వీపు మీద ఉండేవి. అప్పట్లో నేను కౌంటర్‌లో కూర్చునేదాన్ని. పొద్దున రాగానే నా దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా వీపు నా వైపు తిప్పి నిలబడేది. నేను గుండీలు పెట్టాలి.

"గుండీ అంటే గోరు మాదిరి పాపా. కారు మీద వంగితే గీకుతాది," అని మొదటి రోజు చెప్పింది. గాజులు, ఉంగరం, చీర పిన్నులు అన్నీ తీసి టిఫిన్ డబ్బా మూతలో వేసి నాకిచ్చేది. తన ఒంటి మీద లోహాన్ని సహించని మనిషి ఇతరుల ఒంటి మీద ఎలా సహిస్తుంది? ఒకాయన బెల్టు బకిల్ తగిలేలా తన కారు తలుపుకే ఆనుకుని ఫోన్ మాట్లాడుతుంటే, చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏమప్పా, నీ కారే గదా. నీకే జాలి లేకపోతే నాకేం పట్టె?"

ఆయన ఫోన్ చెవికి పెట్టుకునే రెండడుగులు వెనక్కి వెళ్లాడు.

మగవాళ్లను ఆమె పిలిచే తీరులోనే ఆ రోజు వాతావరణం తెలిసిపోయేది. సంతోషంగా ఉంటే ఓనర్‌ను అన్నా అనేది. కోపం వస్తే అప్పా అయ్యేవాడు. "ఏమప్పా" అని వినపడగానే ఓనర్ ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి నడిచేవాడు.

రంగు ఎలా ఉందో చూడాలంటే తల ఒక పక్కకు వంచి, కోడి గింజను చూసినట్టు ఒంటి కన్నుతో చూసేది. ఎండలో పెడితే కారు మీద గుండ్రంగా, సన్నగా గీతలు కనిపిస్తాయి, గరుకు గుడ్డలతో తుడిచి తుడిచి పడినవి. వాటిని సాలెపురుగు కాపురం అనేది. కార్లతో మాట్లాడేది కూడా. "ఎవురమ్మా నిన్ను ఇట్ల తోమింది? కొబ్బరి పీచు పెట్టినారా?" అని అడిగి, నిజంగా జవాబు వస్తుందేమోనన్నట్టు ఆగేది.

కార్ల పనిలోకి రాకముందు ఆమె అత్తిబెలె వైపు ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిష్ పట్టేది. ఆ సంగతి మరిచిపోయే అవకాశం ఎవరికీ ఇచ్చేది కాదు. ఓనర్ ఏదో పెళ్లికి వెళ్లొచ్చి మండపం బాగుందని అన్నాడనుకోండి.

"కింద రాయి ఏ రంగు అన్నా?"

"నలుపు."

"నేనే."

హోటలు, ఆసుపత్రి, విమానాశ్రయం, ఏ పేరు చెప్పినా నల్ల రాయి ఉందంటే అది ఆమె చేతి కిందనుంచి పోయిందే. ఆ లెక్కన బెంగళూరులో సగం మంది రోజూ అక్క పని మీదే నడుస్తున్నారు. కాదని రుజువు చేసినవాళ్లు లేరు.

ఫోన్ ఉండేది గానీ మాట్లాడేది కాదు. "ఫోన్లో చేతులు కనపడవు గదా, ఇంగేం మాట్లాడేది," అనేది. నిజమే. ఆమె మాటల్లో సగం చేతుల్లో ఉండేవి.

నా సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. నేను మాట్లాడితే పక్కన ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా "ఆఁ?" అంటారు. కారు సిద్ధమైందని కస్టమర్‌కు చెప్పాలంటే ముందు మనసులో ఒకసారి అనుకుని చూసుకునేదాన్ని. ఖాళీ దొరికితే కౌంటర్ కింద నవల తెరిచి పెట్టుకునేదాన్ని. ఇంటికెళ్లాక డైరీలో మాత్రం పేజీలు పేజీలు మాట్లాడేదాన్ని. అక్క మధ్యాహ్నం నీళ్లు తాగడానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది.

"ఈ పొద్దు కథలో ఎవురు సచ్చిపోయినారు?"

"ఎవరూ లేరక్కా."

"ఎవురూ సావకుండా ఇంత లావు పుస్తకమా?" అని నిరాశగా గ్లాసు కింద పెట్టేది. ఎవరైనా చనిపోయి ఉంటే వాళ్లకు పిల్లలెందరో కూడా అడిగేది.

నన్ను మొదట లైటు పట్టుకోవడానికి పిలిచింది. కారు మీద గీతలు కనపడాలంటే పక్కనుంచి లైటు పట్టాలి. నేను గంటల తరబడి కదలకుండా పట్టుకోవడం ఆమెకు నచ్చింది. షాపు వెనక, యాక్సిడెంటైన కారుదొక ముదురు నీలం బానెట్ రెండు డ్రమ్ముల మీద పడి ఉండేది. ఒక రోజు నన్ను అక్కడికి తీసుకెళ్లి మెషిన్ చేతికిచ్చింది. వెనక నిలబడి తన చేతులు నా చేతుల మీద వేసింది.

"తొయ్యద్దు. దాని బరువు దానికి చాలు. నువ్వు సుమ్నే, ఊరికే దావ చూపించు."

మెషిన్ నా చేతుల్లోంచి భుజాల దాకా గుర్రుమంది. నేను భయపడ్డాను, వదల్లేదు.

"నీ చెయ్యి గూడా నీ నోరు మాదిరే ఉండాది పాపా, గట్టిగా నొక్కదు. ఈ పనికి అదే కావాల," అంది. నా నోటి గురించి అంత మంచి మాట ఎవరూ అనలేదు. అప్పటి నుంచి కస్టమర్లు లేని వేళల్లో ఆ నీలం బానెట్ నా బడి అయింది.

శివరాత్రి వెళ్లి ఎండలు మొదలైనప్పుడు కష్టం వచ్చింది. అంతకుముందు వాడే కాంపౌండ్ దొరకడం ఆగిపోయింది. అది నూనె నూనెగా ఉండేది. బానెట్ అంతా పూసేసి తీరిగ్గా మెషిన్ తిప్పినా ఎండేది కాదు. దాని బదులు వచ్చిన కొత్తది గీతలను తొందరగా తీసేసేది, దుమ్ము లేపేది కాదు, కానీ చూస్తుండగానే ఎండిపోయేది. సగం దూరం పోయేసరికి ప్యాడ్ కిర్రుకిర్రుమంటూ ఎగిరేది. రంగు మీద సున్నం లాంటి మరకలు కరుచుకునేవి. అక్క వాటిని గుడ్డతో బలంగా రుద్దేది. రుద్దితే మరక పోయి కొత్త గీతలు పడేవి.

ఆమెది రాయి అలవాటు. గ్రానైట్ మెషిన్‌లో నీళ్లు వాటంతటవే పడుతూ ఉంటాయి, ఎండడమనే మాటే లేదు. గట్టిగా నొక్కి, ఒకేసారి పెద్ద జాగా అంతా తిరగడం అక్కడ గొప్ప. ఇక్కడ అదే తప్పయింది. తెల్ల కార్ల మీద తెలియలేదు గానీ నల్లవీ నీలంవీ వరసగా వెనక్కి వచ్చాయి. అక్క కాంపౌండ్‌ను తిట్టింది, ఎండను తిట్టింది, పైన పోయే మెట్రో అదురును కూడా తిట్టింది. తన చేతిని మాత్రం ఏమీ అనలేదు.

ఓనర్ చెడ్డవాడు కాదు. తలుపు దగ్గర నిలబడి, నేల చూస్తూ చెప్పాడు.

"అక్కా, తప్పుగా తీసుకోవద్దు. శనివారం నల్ల కారొకటి వస్తాది. అది గూడా ఇట్లే అయితే, సోమవారం నుంచి పాలిష్ బే కాంట్రాక్టు వాళ్లకిచ్చేస్తా. నువ్వు వాటర్ వాష్ చూసుకుందువులే."

కార్లకు పాలిష్ పట్టే చోటునే మేం బే అంటాం. నాలుగు గోడలు, పైన లైట్లు. ఆ గోడల మధ్య అక్క మాటే చట్టం. వాటర్ వాష్ అంటే పైపు పట్టుకుని టైర్ల మీద బురద కడగడం.

"నన్ను నీళ్లు పొయ్యమంటావా అప్పా?" అంది. గొంతు పెరగలేదు. చేతులు కూడా కదల్లేదు. అది చూసి నాకు భయమేసింది.

ఆ మధ్యాహ్నం నీళ్లు తాగడానికి వచ్చింది, తాగింది, వెళ్లిపోయింది. నా నవలలో ఆ రోజు ఇద్దరు చనిపోయారు. అడగలేదు.

మరుసటి రోజు ఇద్దరం షాపు వెనక కూర్చుని భోజనం చేస్తున్నాం. ఆమె రోజూ రాగి సంగటి తెచ్చేది. పెద్ద ముద్దలోంచి కొంచెం తీసి నాకు చిన్న ముద్ద చేసి పెట్టేది. చేసే ముందు ప్రతిసారీ చెయ్యి నీళ్లలో ముంచేది, లేకపోతే సంగటి వేళ్లకు అంటుకుంటుంది. అన్నాళ్లుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం ఆమె తడి చెయ్యి, పక్కనే ఆరబెట్టిన ప్యాడ్, రెండూ ఒకే చూపులో పడ్డాయి.

"అక్కా, ప్యాడ్ కూడా..."

"ఆఁ?"

"ప్యాడ్ కూడా తడిపితే? ముందే. చేసేది కూడా చిన్న ముద్దలుగా చేస్తే?"

నమలడం ఆపింది. తల పక్కకు వంచి ఒంటి కన్నుతో నన్ను చూసింది. నన్ను అలా చూడడం అదే మొదలు. తర్వాత చెయ్యి కడుక్కుని లేచింది. సంగటి అలాగే ఉండిపోయింది.

మొదటిసారి రాయి అలవాటు కొద్దీ ప్యాడ్‌ను నీళ్లలో ముంచేసింది. మెషిన్ వెయ్యగానే బూడిద రంగు బురద మా ఇద్దరి మొహాల మీదికి ఎగిరింది. "సాకు సాకు, ఇంగ చాలు," అని తనే నవ్వింది. తర్వాత పిచికారీతో ఒక్క తుంపర. ప్యాడ్ చల్లబడింది, కాంపౌండ్ మెత్తగా పరుచుకుంది. బానెట్ అంతా కాదు, రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత జాగా. మెషిన్ వేగం తగ్గించి, ఎండకముందే తుడిచి, అప్పుడు పక్క జాగాకు. అయినా కొన్ని చోట్ల తెల్లబడుతూనే ఉంది. ఎందుకో సాయంత్రం దాకా అర్థం కాలేదు. తర్వాత చూస్తే, గోడ సందులోంచి గాలి వచ్చినప్పుడే అలా అవుతోంది. గాలి ఆగితే కాంపౌండ్ తడిగా నిలుస్తోంది. ఉక్కపోతకు బేలో మేం రోజంతా తిప్పే ఫ్యానే మా కొంప ముంచిందన్నమాట.

అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని నేరుగా ఓనర్ దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

"అన్నా, నేనొకటి కనిపెట్టినా."

ఆ మాట అని ఒక్కసారి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను చెప్పులు చూసుకున్నాను. ఆమె ముందుకు తిరిగి, రెండు చేతులూ గాల్లోకి లేపి, కథ మొదలుపెట్టింది. చేతులు మళ్లీ కదిలినందుకే నాకు చాలనిపించింది.

శనివారం నల్ల కారు వచ్చింది. పాతది, నలుచదరంగా ఉండే మోడల్. వర్తూరు నుంచి ఒక పెద్దాయన తనే నడుపుకొచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి బే ముందు వేసుకుని కూర్చున్నాడు.

"ఎంతసేపు పడుతుందమ్మా?"

"మీరు చూస్తాంటే ఎక్కువసేపు పడతాది సార్."

"సాయంత్రం దీంట్లోనే ఇంటికి పోవాలి. మావాడు దీన్ని తుక్కుకి వేసెయ్యమంటున్నాడు. వాడి కళ్ల ముందు నిలబెట్టాలి."

అక్క కారు చుట్టూ ఒంటి కన్నుతో తిరిగింది. "పెద్ద కాపురమే ఉండాది," అంది. సాలెపురుగు గురించి.

పైకప్పు, తలుపులు, వెనక డిక్కీ అన్నీ ఆమే చేసింది. తుంపర, చిన్న జాగా, తుడుపు. ఫ్యాను ఆపేసి ఉంది. పెద్దాయన తువ్వాలుతో విసురుకుంటున్నాడు. ఓనర్ మాటిమాటికీ వచ్చి చూసి వెళ్తున్నాడు. నేను కౌంటర్‌లో నవల తెరిచి ఒకే పేజీ చూస్తున్నాను. చివరికి బానెట్ మిగిలింది, ఎండలో ఎవరైనా అన్నిటికంటే ముందు చూసేది దాన్నే. అక్క దాని మధ్యలోకి చెయ్యి చాచింది. మెషిన్ శబ్దం ఆగిపోయింది.

"పట్టేసింది," అంది అక్క. కుడి భుజం ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. రాళ్ల రోజుల నుంచి ఉన్న నొప్పే అది, ఎవరికీ చెప్పేది కాదు.

ఓనర్ తలుపు దగ్గరే నిలబడి జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరికి చెయ్యబోతున్నాడో మా ముగ్గురికీ తెలుసు.

"పాపా," అని పిలిచింది అక్క.

వెళ్లాను. ఆమె వీపు నా వైపు తిప్పింది, పొద్దున తిప్పినట్టే. నేను గుండీలు విప్పాను. చొక్కా తీసి నాకు తొడిగింది, వెనక్కి తిప్పి. నన్ను అటు తిప్పి నిలబెట్టి, ఒంటి చేత్తో ఒక్కొక్క గుండీ పెట్టడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది.

"అక్కా, ఆ పాప కౌంటర్ గదా," అన్నాడు ఓనర్.

"కౌంటర్ యాడికీ పోదులేప్పా."

అప్పా అంది కనుక ఆయన పక్కకు జరిగాడు. అక్క భుజానికి మందు రాసుకోవడానికి బయట నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. ఉండి చూస్తే నేను ఆమె మొహమే చూస్తానని తెలిసి వెళ్లిందని తర్వాత అర్థమైంది.

తుంపర కొట్టాను. మెషిన్ ఆన్ చేశాను. తొయ్యకుండా దావ చూపించాను. మొదటి జాగా తుడిచేసరికి గీతలు లేవు. లోతైన నలుపు, అందులో పై లైటు అంచులు పదునుగా కనిపించాయి. రెండోది. మూడోది. నా ఊపిరి, మెషిన్ చప్పుడు ఒకటైపోయాయి. అన్నం తినేటప్పుడు, పుస్తకం చదివేటప్పుడు తప్ప నేనెప్పుడూ అంత నిమ్మదిగా లేను.

బానెట్ నడిమధ్యకు వచ్చాను. అప్పుడు ఓనర్ మంచితనం పని చేసింది. నా మెడ మీద చెమట చూశాడో, పెద్దాయన అవస్థ చూశాడో, మూలనున్న స్టాండు ఫ్యానును బరబరా లాక్కొచ్చి సరిగ్గా నా వైపు తిప్పి స్విచ్చి వేశాడు. చల్లగా తగిలింది. మరుక్షణం తడిగా ఉన్న కాంపౌండ్ అంచు నుంచి తెల్లబడడం మొదలుపెట్టింది. తెలుపు లోపలికి పాకుతోంది. ప్యాడ్ కిర్రుమంది.

ఎవరైనా చూస్తారని ఎదురుచూశాను. అది నా అలవాటు, ఎప్పుడూ ఎవరో ఒకరు చూసేవాళ్లు. అక్క బయట ఉంది. ఓనర్ నా వైపు చూసి, చల్లగా ఉందా అన్నట్టు నవ్వాడు.

"ఫ్యాను..." అన్నాను. నాకే వినపడలేదు.

అప్పుడు అరిచాను.

"ఫ్యాన్ ఆపండి."

రోడ్డవతల టీ కొట్టు దాకా వినపడిందని తర్వాత చెప్పారు. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఓనర్ పరుగెత్తి ప్లగ్గే పీకేశాడు. నేను మెషిన్ ఆపాను. అంత నిశ్శబ్దంలో బయటి నుంచి అక్క గొంతు వచ్చింది.

"ఎవురది అరిచింది?"

"మన కౌంటర్ పాప అక్కా," అన్నాడు ఓనర్.

"గమ్మునుండప్పా. ఆ పాపకు గొంతు యాడుండాది?"

నేను నవ్వలేదు, నవ్వితే చెయ్యి కదులుతుంది. తెల్లబడ్డ చోట తుంపర కొట్టి, మెత్తబడేదాకా ఆగి, రుద్దకుండా తేలిగ్గా తుడిచాను. ప్యాడ్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ తడిపాను. ఆ జాగా మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఎవరి వైపూ చూడలేదు. అక్క ఎప్పుడో లోపలికి వచ్చి గోడకు ఆనుకుందని చివరి జాగా తుడిచాకే తెలిసింది. తల పక్కకు వంచి ఉంది.

నీడలో ఏ కారైనా బాగానే ఉంటుంది. అక్క పరీక్ష ఎప్పుడూ ఎండలోనే, అదీ తన పద్ధతిలో. కారును సర్వీసు రోడ్డు మీదికి తోసి నిలబెట్టాం. పైన మెట్రో పోవాలి, బానెట్‌లో దాని కిటికీలు విడివిడిగా కనపడాలి. మరక ఉంటే కిటికీలు కలిసిపోయి తెల్లటి చారలా పోతాయి. రైలు కోసం నిలబడ్డాం. ఓనర్, పెద్దాయన, టీ కొట్టతను, అందరూ బానెట్ చుట్టూ వంగి రైలు కోసం ఎదురుచూస్తుంటే, ఆటోలో పోయేవాళ్లు కూడా ఏం పడిపోయిందోనని ఆగి చూశారు.

రైలు వచ్చింది. కుడి లైటు దగ్గర మొదటి కిటికీ కనిపించింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. నల్లటి బానెట్ మీద ఒక్కటీ చెదరకుండా, ఒక్కటీ కలవకుండా, చివరిదాకా నడుచుకుంటూ ఎడమ లైటు దాటి వెళ్లిపోయాయి. ఫ్యాను గాలి తగిలిన నడిమధ్య నుంచి కూడా వెళ్లాయి. ఒక కిటికీలో ఎవరో నిలబడి ఉండడం కూడా చూశానని నాకు నమ్మకం.

పెద్దాయన వంగి బానెట్‌లోకి చూశాడు. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"నా మొహం ఇంత ముసలిదైపోయిందా?"

"అది మా పాలిష్ తప్పు కాదు సార్," అంది అక్క.

ఆయన నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని కారెక్కాడు. ఆయన కొడుకు ఏమన్నాడో తెలియదు. తుక్కుకి మాత్రం వెయ్యలేదు. మళ్లీ వచ్చాడు, మళ్లీ కుర్చీ అడిగాడు.

ఓనర్ ఫోన్ జేబులో పెట్టేశాడు. "బే నీదేలే అక్కా," అన్నాడు.

"మాది," అంది అక్క. "కౌంటర్‌కి ఇంగెవురినైనా చూసుకో అన్నా."

ఆ విధంగా నేను కౌంటర్‌లోంచి బేలోకి వచ్చాను. నన్ను ఎవరూ అడగలేదు, అడిగితే సరే అనడానికి నాకు రెండు రోజులు పట్టేది. డైరీలో ఆ రోజు పేజీకి ఒకే వాక్యం రాసి పడుకున్నాను, ఎప్పుడూ లేనిది. రాయాల్సిందంతా మధ్యాహ్నమే గట్టిగా అనేశాను మరి.

భుజం కొంత నయమయ్యాక అక్క మా షాపు మానేసింది. అత్తిబెలెలో, తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టుకు ఇవతల, సొంతంగా ఒక షెడ్డు తీసుకుంది. కార్లకు కాదు, లారీల క్యాబిన్లకు. ఒకప్పుడు తనతో రాళ్లకు పాలిష్ పట్టిన ఆడవాళ్లిద్దరిని పనికి పెట్టుకుంటానని, తను నిలబడి అరవడమే పని అని చెప్పింది.

"కార్లు చిన్నవైపోయినాయి పాపా. లారీ మొగం చూసినావా ఎంతుంటాదో? నల్లది దొరికితే తమిళనాడు అంతా కనపడాల దాంట్లో."

చివరి రోజు గుండీలు విప్పించుకోవడానికి వీపు తిప్పి నిలబడింది. నేను మామూలు కంటే నెమ్మదిగా విప్పాను. ఆమె గమనించింది, కానీ తొందరపెట్టలేదు. టిఫిన్ డబ్బా మూతలోంచి గాజులు ఒక్కొక్కటే తీసుకుని వేసుకుంది. చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంది. నాకిస్తుందేమో అనుకున్నాను. "నువ్వొకటి కొనుక్కో, ఇది నా చొక్కా," అంది. కొనుక్కున్నాను. ఇప్పుడు కౌంటర్‌లో ఉన్న అమ్మాయి రోజూ పొద్దున నాకు గుండీలు పెడుతుంది, ఎందుకిలా అని ఇంకా అడగలేదు. అడిగితే గోరు సంగతి చెప్పాలి.

బస్టాపు దాకా వెళ్లాను. వీడ్కోలు మాటలేవో మనసులో అనుకుని చూసుకుంటూ నడిచాను, ఒక్కటీ కుదరలేదు. అత్తిబెలె బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది, లోపలికి పోకుండా మెట్టు మీదే నిలబడి వెనక్కి తిరిగింది. కండక్టర్ విసుక్కుంటుంటే ఎడమ చెయ్యి ఎత్తి అతన్ని ఆపింది, వేళ్లన్నీ విప్పి. తర్వాత నా వైపు వంగింది.

"ఎవురన్నా అడిగితే ఆ నీళ్ల సంగతి నేనే కనిపెట్టినా అని చెప్పు పాపా. ఆ ఫ్యాను అరుపు మాత్రం నీది. అది నేను తీసుకోను."